నెల, నేల: సూరత్‌లో ఒక చివరి పుస్తకం

ఒక పుస్తకం మన భాషలోకి వచ్చిందని ఎప్పుడు అనాలి? అచ్చయిన రోజునా, ఎవరైనా చదివిన రోజునా? వడోదరలో ఎం.ఏ. చదువుతూ గుజరాతీ నేర్చుకున్న రోజుల నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇప్పుడు నాకు నలభై దాటాయి. హన్మకొండలో పాఠాలు చెప్పుకుంటూ, మధ్యలో గుజరాతీ కథలు, నవలలు తెలుగు చేస్తూ వచ్చాను. చేసినవి అచ్చయ్యాయి. చదివినవాళ్ళెవరో మాత్రం నాకు తెలియదు. అందుకే సూరత్ నుంచి రాజేశం గారు ఫోన్ చేసి, "ఒకపారి వచ్చి పో బిడ్డా, ఫోన్ల తెగేది కాదు" అన్నప్పుడు, రెండో వేవ్ అప్పుడప్పుడే తగ్గిన ఆ ఆగస్టులో, ఇంట్లో అందరూ వద్దంటున్నా టికెట్ తీసుకున్నాను.

రాజేశం గారు నా ప్రచురణకర్త. పెద్ద మాటలా వినిపిస్తుంది గానీ, సలాబత్‌పురాలో చీరల పెట్టెల మీది లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో ఒక మూల ఆయనది, అంతే. సిరిసిల్ల నుంచి పదిహేడేళ్ళ వయసులో మగ్గాల మీద పనికి వచ్చి, తర్వాత ఆ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో కుదిరారు. లేబుళ్ళ పని లేనప్పుడు అదే మిషన్ మీద గుజరాతీ నుంచి తెలుగులోకి వచ్చిన పుస్తకాలు వేస్తూ జీవితమంతా గడిపారు. రెండో వేవ్‌లో ఆయన ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నారు. బయటపడ్డారు. ఇప్పుడు ప్రెస్ యజమాని ఆ షెడ్డును ఎంబ్రాయిడరీ మిషన్లకు ఇచ్చేస్తున్నాడు. అది ఖాళీ చేసేలోగా రాజేశం గారు ఒక్క పుస్తకం వేయగలరు. ఆ పుస్తకం నాది. నేను ఏళ్ళ తరబడి తెలుగు చేసిన, మిల్లు కార్మికుల మీది గుజరాతీ నవల. దాన్ని ఏ లిపిలో వేయాలన్నదే ఫోన్‌లో తెగని సంగతి. ఆ చిక్కేమిటో ముందు ముందు చెబుతాను.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్ళే రైలును వరంగల్‌లో సాయంత్రం ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక సూరత్‌లో దిగొచ్చు. థర్డ్ ఏసీ పదిహేను వందలు, ఆపైన కాస్త చిల్లర అయింది. అప్పటికి అన్ని రైళ్ళూ స్పెషళ్ళ పేరుతో నడుస్తున్నాయి. రిజర్వేషన్ లేనిదే ఎక్కనివ్వరు, దుప్పట్లు ఇవ్వరు. నేను పులిహోర, రెండు దుప్పట్లు, ఆర్టీపీసీఆర్ రిపోర్టు పట్టుకెళ్ళాను. మూడింటిలో పనికిరానిది రిపోర్టే, ఎవరూ అడగలేదు. బల్లార్షా దాటేదాకా ఎదుటి సీటు ఆవిడ నా దగ్గు వినపడినప్పుడల్లా కిటికీ వైపు తిరిగింది. అది దగ్గు కాదని, గొంతులో పచ్చిమిరపకాయ పడిందని చెప్పినా నమ్మలేదు. తెల్లవారి నందుర్బార్ దాటాక వాన మొదలైంది. బార్డోలీ దగ్గర చెరకు తోటలు పట్టాల దాకా వచ్చి నిలబడ్డాయి. ఇదివరకు ఆ తోటలు కనిపిస్తే మనసు తేలికయ్యేది, పుస్తకం అచ్చు చూసుకోబోతున్నానని. ఈసారి ఆ ఊరు ఇంకాస్త దూరంగా ఉంటే బాగుండుననిపించింది.

స్టేషన్ బయట లింబాయత్ వైపు ఆటోకి నూట ఇరవై అడిగి వందకు ఒప్పుకున్నాడు. ముందు అక్కడ మన మగ్గాలవాళ్ళు తినే సత్తవ్వ మెస్సులో తిని, ఆ తర్వాతే ప్రెస్సుకు రమ్మని రాజేశం గారి ఆజ్ఞ. మెస్సుకు ఫోన్ చేసి వస్తున్నానని చెబుతుంటే, డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూశాడు.

"మనోళ్ళేనా అక్కా? ఏ ఊరు?"

"హన్మకొండ."

"మాది సిరిసిల్ల దిక్కు. లాక్‌డౌన్ల ఇంటికి వోయి వచ్చెవరకు నా మగ్గం మీద ఇంకోడు నిలవడ్డడు. ఆటో పట్టిన. మగ్గాల చప్పుడుకు ఈ కుడి చెవు జర తక్కువినస్తది. సవారీలు రైట్ అంటె లెఫ్ట్ వోత, తిడ్తరు."

నేను ఎడమ వైపు నుంచి అడిగాను, పుస్తకాల రాజేశం గారు తెలుసా అని.

"పుస్తకాల కాకనా? ఇంక ఉన్నడా?"

"ఉన్నారు."

"మంచిదే. మెస్సుల మేం తింటుంటె సదివెటోడు. నేనైతె సగం కథకే నిద్రవోయెటోన్ని. మా రూమోడు ఒగడు మాత్రం ఏడ్శెటోడు."

"కథ విని ఏడ్చేవాడా?"

"ఎవనికెరుక అక్కా? కథకు ఏడ్శిండో, ఇల్లు యాదికొచ్చి ఏడ్శిండో. అన్నంల కారం ఎక్కువైందేమో గుడ."

తన మాటకు తనే నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ రూమోడు ఇప్పుడెక్కడున్నాడని అడిగితే, తెల్వదన్నాడు.

సత్తవ్వ మెస్సు ఒక పొడవాటి గది. అరవై రూపాయలకు అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. ఇదివరకు ఇక్కడ కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. తిన్నవాడి వెనక తినబోయేవాడు నిలబడి ఉండేవాడు. ఆ రోజు నాతో కలిపి నలుగురం. గోడ వారగా రాజేశం గారు పెట్టిన పుస్తకాల అరలో బియ్యం మూటలున్నాయి. నేను అటే చూస్తుండడం సత్తవ్వ కనిపెట్టింది.

"పొయ్యిల పెట్టిన్ననుకుంటున్నవా? లేదు తియ్. మూటలకు జాగ కావాలె, తీస్కపో కాకా అంటే, అన్నీ మోస్కపోయిండు. నాతోటి మాట్లాడుడు గుడ బంద్ వెట్టిండు. మల్ల నా పచ్చిపులుసు లేంది ముద్ద దిగదాయినకు."

"లాక్‌డౌన్‌లో ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు ఎవరైనా పుస్తకాలు తీసుకెళ్ళారా అవ్వా?"

ఆమె గరిటె దించి నా వైపు చూసింది, నేనేదో చిన్నపిల్ల మాట మాట్లాడినట్టు. "సగం బట్టలే ఇడిశిపెట్టి వోయిన్రు బిడ్డా. పుస్తకాలు తీస్కపోతరా?" పచ్చిపులుసు పోస్తూ మళ్ళీ తనే అంది, "పోరగాండ్లు పోయేటప్పుడు గుడ నవ్వులాటనే. ఈ నేల మాది కాదు, సేఠ్‌ది, అనుకుంట నవ్వుకుంట వోయిన్రు."

మంచి మాట అనుకున్నాను. అంతకు మించి ఏమీ తట్టలేదు. చేయి కడుక్కుని, షేర్ ఆటోలో పదిహేను రూపాయలిచ్చి సలాబత్‌పురా చేరాను.

ప్రెస్సున్న సందులోకి ఆటో పోదు. చీరల మూటల బండ్లను తప్పించుకుంటూ నడవాలి. లోపల మిషన్ ఆడుతోంది, ఎవరివో పండుగ ఆఫర్ లేబుళ్ళు. రాజేశం గారు మూలన ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. మనిషి సగమయ్యారు. రెండు మాటలు చెప్పి ఊపిరి అందుకోవడానికి ఆగుతున్నారు. పక్కన కంప్యూటర్ ముందు ఆయన కూతురు సునీత. సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ముప్పై ఐదేళ్ళుంటాయి. తండ్రి పుస్తకాలన్నీ టైపు చేసింది ఆ పిల్లే.

"పప్పా, మాస్క్ ముక్కు కింద కాదు, పైన," అని తండ్రిని కసిరి, నాకు స్టూల్ జరిపింది.

"పైన వెట్టుకుంటే మాట రాదు, కింద వెట్టుకుంటే ఈమె రానీయది," అన్నారాయన. తర్వాత గోడ వారన ప్లాస్టిక్ పట్టా కప్పిన కాగితం కట్టలు చూపించారు. "కాగితం ఒక్కపారికే ఉన్నది. మల్ల కొనెటోన్ని కాను. మిషన్ పోతున్నది. తెలుగు అక్షరాలా, గుజరాతీ అక్షరాలా? నువ్వే జెప్పాలె."

"ఇన్నాళ్ళూ మీరే కదా సార్ చెప్పింది?"

"ఇన్నేండ్లు నేనే జెప్పిన. గందుకే ఇప్పుడు నమ్మకం లేదు."

చిక్కు ఇదీ. ఆయన మొదట్లో అందరిలాగే తెలుగు లిపిలో పుస్తకాలు వేసేవారు. కట్టలు కట్టి హైదరాబాద్ దుకాణాలకు పంపేవారు. కొన్ని నెలలకు అవి తిరిగి వచ్చేవి. తాడుకు ఆయన వేసిన ముడి, తెగిన దారాన్ని అతికేటప్పుడు నేతపనివాళ్ళు వేసే ముడి, అలాగే ఉండేదట. అంటే కట్ట విప్పి చూసినవాళ్ళు కూడా లేరు. ఇక్కడేమో, మగ్గాలవాళ్ళ పిల్లలు గుజరాతీ బళ్ళలో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వింటే అర్థమవుతుంది, అక్షరం మాత్రం రాదు. అప్పుడాయన ఎవరూ చేయని పని చేశారు. తెలుగు మాటలనే గుజరాతీ అక్షరాల్లో అచ్చేయడం మొదలుపెట్టారు. గుజరాతీ కథ తెలుగయ్యేది. ఆ తెలుగు మళ్ళీ గుజరాతీ లిపిలో కనిపించేది. హైదరాబాద్‌లో ఒక సభలో ఈ సంగతి చెబితే, ఇల్లు మారడానికి సామాను బయటపెట్టి మళ్ళీ ఆ ఇంట్లోనే సర్దుకున్నట్టుందని ఎవరో అన్నారు, సభంతా నవ్వింది. నేనూ లోలోపల వాళ్ళతోనే ఉన్నాను. నా మొదటి అనువాదం, నేతకుటుంబాల కథల పుస్తకం, అలాగే అచ్చయింది. తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకుని, "బాగుందమ్మా" అంది.

కానీ మెస్సు పిల్లలు ఆ పుస్తకాలు చదివారని రాజేశం గారు చెప్పేవారు. ఆ మాట పట్టుకునే నేను తర్వాతివి చేశాను.

"అందరం చదివినం అక్కా," అంది సునీత, నా మొహం చూసి. "మీ ఫస్ట్ బుక్ అయితే నాకు బై హార్ట్. అందుల ఆ లైన్ ఉంది కద, ఈ నేల మాది కాదు, సేఠ్‌ది. ఎంత మస్త్ లైన్!"

మెస్సులో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "నేల కాదు సునీతా. నెల."

"నెల? మహినో?"

"అవును. అడ్వాన్సు తీసుకున్నాడు కదా ఆ కథలో తండ్రి. నెల జీతమంతా దానికే పోతుంది. అందుకే ఈ నెల మాది కాదు అంటాడు."

ఆ పిల్ల నమ్మలేదు. అరలోంచి పుస్తకం తీసి పేజీ తెరిచింది. ఇద్దరం తలలు ఆనించి చూశాం. గుజరాతీ లిపిలో ఎకారం ఒక్కటే. మనకున్నట్టు పొట్టిది, పొడుగుది విడివిడిగా లేవు. నెల రాసినా నేల రాసినా ఒకే రూపం. నేను ఆ పేజీ ఎన్నోసార్లు చూశాను. వాక్యం నాది కాబట్టి నా కళ్ళు నెల అనే చదివాయి. గుజరాతీ మూలంలో ఈ చిక్కుకు తావే లేదు; నెలను మహినో అంటారు, నేలను జమీన్ అంటారు. ఇది ఇక్కడ, ఈ లిపిలో, ఈ పిల్లల కోసం మాత్రమే పుట్టిన తప్పు.

"మేమందరం నేల అనే చదివినం," అంది సునీత. "నేల అంటే రూముల ఫర్ష్. రాత్ షిఫ్ట్‌వాళ్ళు లేస్తే దిన్ షిఫ్ట్‌వాళ్ళు అదే జాగల పడుకుంటరు కద, గది. నెల అయితే ఏముంది అక్కా? బోరింగ్."

రాజేశం గారు నవ్వబోయి దగ్గులో పడ్డారు. నీళ్ళు తాగాక చెప్పారు. ఆయనకీ సంగతి నా మొదటి పుస్తకం అప్పుడే తెలుసు. పొడుగు ఎకారానికి, ఓకారానికి పైన ఒక చుక్క పెట్టాలని నియమం చేసుకున్నారు. సునీత టైపు చేశాక, ఫిల్ము మీద చుక్కలన్నీ తనే చేత్తో పెట్టారు. పుస్తకం వచ్చాక చూస్తే ఒక్క చుక్కా లేదు. ప్లేటు తయారుచేసే ఆయన అవి దుమ్ము మచ్చలనుకుని శ్రద్ధగా ఒక్కొక్కటీ తుడిచేశాడు. పైగా ఫిల్ము ఇంత మురికిగా ఇస్తారా అని కోప్పడ్డాడట.

"మళ్ళీ పెట్టించలేదా సార్?"

"ఇంకో పుస్తకానికి పెట్టిపిచ్చిన. పోరగాండ్లు చుక్కలను చూడనే చూడరు. ఊకున్న. తప్పు చదివినా చదువుతున్నరు గద అనుకున్న."

సునీత చదువుతూ పోతుంటే నేను వింటూ కూర్చున్నాను. ఒక తండ్రి కూతురి మెడ వైపు చూసిన చోట, మేడ వైపు చూశాడు. ఆ మేడ ఎవరిదని అడిగితే, సేఠ్‌దే అయి ఉంటుంది, కూతురికి అలాంటి ఇల్లు కట్టియ్యలేనని బాధపడుతున్నాడు అంది, ఏమాత్రం తడబడకుండా. నేను రాసిన కథ కాదది. వాళ్ళు చదువుకున్నది వేరే పుస్తకం. దాన్ని ఎవరూ రాయలేదు.

"అయితే ఈసారి తెలుగు అక్షరాల్లోనే వేద్దాం సార్. తప్పులుండవు," అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"తప్పులుండవ్," అంది సునీత. "చదివేటోళ్ళు గుడ ఉండరు. నేను గుడ చదవలేను అక్కా."

"సరే, గుజరాతీలో వేస్తే మీ అబ్బాయి చదువుతాడా?"

ఆమె మౌస్ అటూ ఇటూ కదిపింది. "వాడు ఇంగ్లీష్ మీడియం. గుజరాతీల దుకాన్ బోర్డు చదవమంటేనే కష్టం. తెలుగు మాట్లాడితే, మమ్మీ, మెస్ భాష మత్ బోలో అంటడు."

మిషన్ ఆగింది. లేబుళ్ళు అయిపోయినట్టున్నాయి. ఆ నిశ్శబ్దంలో రాజేశం గారి ఊపిరి అందరికీ వినిపించింది.

"నేను అనువాదం చేపిచ్చిన్నో, ఆగం చేపిచ్చిన్నో నాకే సమజైతలేదు బిడ్డా," అన్నారు. "ఆస్పత్రిల పండుకొని గిదే సోచాయించిన. తెలుగోళ్ళకు అందలేదు. ఈ పోరగాండ్లకు అందింది గని, నువ్విచ్చింది కాదు. ఇప్పుడు వాళ్ళు గుడ లేరు. ఎవలకు ఎయ్యాలె?"

అలా అనకండి సార్ అనాలి. కానీ ఆయన నన్ను అంత దూరం నుంచి రప్పించింది ఆ మాట అనిపించుకోవడానికి కాదు. ఫోన్ చేసి చెబుతానన్నాను. "జల్ది జెప్పు," అన్నారు. "కాగితం తడి పడుతున్నది."

ఆ రాత్రి ఆ ఊళ్ళోనే, ఆల్థాన్‌లో డాక్టరుగా ఉన్న పాత స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. ఆటోకి నూట ఎనభై. వానలో అంతకు తగ్గరు. భోజనాల దగ్గర ఆమెకు ఇదంతా చెబితే ఓపిగ్గా విని, "అసలు నవల బాగుంటుందా? ఇంగ్లీషులో వస్తే చెప్పవే, తప్పకుండా చదువుతా," అంది. ప్రేమగానే అంది. రెండు వేవ్‌లలో ఆమె నిద్రపోయిన గంటలు తక్కువ, ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

మర్నాడు తిరుగు రైలెక్కాను. ఇలాంటి ప్రయాణాల చివర ఏదో ఒక వెలుగు గురించి రాయడం రివాజు. నాకేమీ కనిపించలేదు. ఊళ్ళకు వెళ్ళిపోతూ ఆ కుర్రాళ్ళు నవ్వుతూ అన్న మాట నా పుస్తకంలోదేనా? అయితే ఒక అనువాదకురాలికి అంతకంటే ఏం కావాలి? కానీ అది నేను రాయని మాట. లేదా, గది ఖాళీ చేయమంటే ఎవడికైనా నోటికొచ్చే మాటే కావచ్చు, పుస్తకంతో పనే లేకపోవచ్చు. అడుగుదామంటే వాళ్ళు ఏ ఊళ్ళలో ఉన్నారో తెలియదు. ఒక మనిషి జీవితమంతా రెండు భాషల మధ్య నిలబడి చేతులు చాచితే, ఒక వైపు కట్టలు విప్పలేదు, ఇంకో వైపు చుక్కలు తుడిచేశారు. మధ్యలో నేను, ఏ వైపునా లేని అనువాదకురాలిని, సరైన వాక్యాలు రాశానన్న గర్వంతో ఇన్నేళ్ళు బతికాను.

సూరత్‌లో తెలుగువాళ్ళుండే వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. మీ రైలు సూరత్‌కు ముందు ఉధ్నాలో ఆగితే అక్కడే దిగండి. లింబాయత్‌కు అదే దగ్గర, ఆటో ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఇన్నిసార్లు వెళ్ళినా నాకు ఇది ఈసారి తిరిగొచ్చేటప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చాక నవల మొదటి పేజీని రెండు లిపుల్లోనూ రాసి చూశాను. తెలుగు పేజీలో ఒక్క తప్పూ లేదు. బల్ల మీద పెట్టి చూస్తే, విప్పని కట్టలోని పేజీలా ఉంది. గుజరాతీ పేజీలో, "తల్లి ఒడి వదిలి మిల్లుకొచ్చాడు" అన్న తొలి వాక్యమే, తల్లి ఓడిపోయినట్టు కూడా చదువుకోవచ్చు. సునీత అలాగే చదువుతుంది. ఆ తల్లి ఎలా ఓడిపోయిందో నాకు చెబుతుంది కూడా. రాజేశం గారు నిన్న మళ్ళీ ఫోన్ చేశారు, నేను ఎత్తలేదు. ఇవాళ ఎత్తుతాను. ఏ లిపి అని అడుగుతారు. నాకు తెలియదు. ఇది రాస్తే తేలుతుందేమోనని కూర్చున్నాను, తేలలేదు.